గండుపిల్లి కాటు

బిచ్చా పిల్లికి రోగం అంటించింది సేవ్యా గండుపిల్లి. ఇందులో అనుమానం లేదు. సూర్యాపేట డాక్టరమ్మ తన నోటితో అంది, బిచ్చా తన చెవులతో విన్నాడు: ఈ రోగం కాటుతో వస్తుంది. అతని పిల్లి తౌడి మెడ మీద కాటు మచ్చ ఉంది. మిర్యాలగూడ రైసు మిల్లుల వెనక, హమాలీల ఇళ్ల లైన్లలో, కరిచే గండు ఒక్కటే ఉంది. దాని పేరు దొర. దాన్ని పెంచేది సేవ్యా ఇల్లు. సేవ్యా బిచ్చాకు బామ్మర్ది, చచ్చిపోయిన భార్య సీతాబాయికి సొంత తమ్ముడు.

డాక్టరమ్మ ఇంకా చాలా చెప్పింది. బిచ్చా పట్టుకున్నది మాత్రం ఇదే.

ఆ ఉదయం అతను రెండు టమాటా ట్రేలను ఒకదాని మీద ఒకటి బోర్లించి, ప్లాస్టిక్ తాడుతో కట్టి, మధ్యలో తౌడిని పెట్టుకుని బస్సులో సూర్యాపేట వెళ్లాడు. తవుడు రంగు పిల్లి కాబట్టి సీతాబాయి పెట్టిన పేరు అది. మొన్నమొన్నటి దాకా ఎలుకను పట్టి గడపలో పెట్టి, మెచ్చుకునేదాకా అక్కణ్నుంచి కదలని పిల్లి. ఇప్పుడు ట్రేలో ఒక మూలకు తడిగుడ్డలా పడి ఉంది. పక్కసీటు ఆమె వంగి చూసి, "సచ్చిందా ఏంది?" అంది. బిచ్చా ఆమె వైపు చూశాడు. ఆమె లేచి వేరే సీటుకు పోయింది.

డాక్టర్ రూప తౌడి పెదవిని బొటనవేలితో పైకెత్తింది. చిగుళ్లు పాలిష్ పట్టిన బియ్యంలా ఉన్నాయి.

"సూడు పెద్దాయనా. ఎర్రగ ఉండాల్సినయ్ ఎట్లున్నయో."

దవడ కింద గడ్డలు తడిమింది. ముందుకాలి బొచ్చు గొరిగి, సూదితో రక్తం తీసి, ఒక చుక్క ప్లాస్టిక్ పట్టీ మీద వేసింది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఒక గీత తేలింది. కాసేపటికి పక్కన రెండోది తేలింది.

"ఒక్క గీతైతే లేనట్టు. రెండైతే ఉన్నట్టు."

"ఏంది ఉన్నట్టు?"

"ఫెలైన్ లుకేమియా అంటరు. వైరస్ రోగం. పిల్లులకే వస్తది, మనుషులకు రాదు. ఒంట్ల రక్తం తయారు కానియ్యదు. కొన్నిట్ల క్యాన్సర్ అయితది."

"ఎట్లొచ్చింది?"

"ఉమ్మిల ఉంటది ఇది. కొట్లాడి కరుచుకుంటే వస్తది. తల్లి నుంచి పిల్లకు వస్తది. ఒకదాన్నొకటి నాకితే, ఒక్క గిన్నెల తింటే..."

"కరిస్తే వస్తది," అన్నాడు బిచ్చా.

"కరిసినా వస్తది."

అతను తౌడి మెడ మీది బొచ్చు పాయ తీసి, మానిన మచ్చ చూపించాడు. డాక్టరమ్మ చూసి తల ఊపింది. ఆ తల ఊపుతో దొర సంగతి తేలిపోయింది.

"మందు?"

"వైరస్‌ను చంపే మందు లేదు. ఉన్నన్ని రోజులు మంచిగ ఉంచేటందుకే మందులు. ఇప్పుడు దీనికి రక్తం మరీ తక్కువుంది. వేరే పిల్లి రక్తం ఎక్కిస్తే లేవొచ్చు. లేస్తే గోలీలతోని కొన్ని నెలలు నడుస్తది, ఏడాది కూడ నడవొచ్చు. నేనైతే మాట ఇయ్య. అది వద్దనుకుంటే నిద్ర పుచ్చుడు. నొప్పి తెల్వదు."

"నిద్ర పుచ్చుడంటే?"

"సూది."

"చంపుడు అను."

"చంపుడే," అంది డాక్టరమ్మ. మాట తిప్పలేదు.

బిచ్చా ట్రే తాడు మళ్లీ ముడి వేశాడు. "దీన్ని పెంచినామె లేదు. ఉన్నది నేను. సూది లేదు."

"అయితే రేపు కోదాడకు రా. వారంల సగం రోజులు ఈడ ఉంట, సగం ఆడ. రక్తం ఎక్కించే సామాను ఆడనే ఉంది. రక్తమిచ్చే పిల్లిని నువ్వే తేవాలె. బలంగ ఉండాలె, పెద్దది కావాలె, ఈ రోగం ఉండొద్దు. రేపు దాటిందంటే నన్ను అడగకు."

మధ్యాహ్నానికి అతను మిర్యాలగూడ వచ్చి, తౌడిని ఇంట్లో మంచం కింద గోనెసంచి మీద పడుకోబెట్టి, తలుపుకు గొళ్లెం వేసి మిల్లుకు పోయాడు. లారీ నిండాలి. నెత్తికి గోనెముక్క చుట్టుకున్నాడు. కొక్కెం బస్తా చెవిలో దించి, భుజం కిందికి దూరి, లేచాడు. దించాడు. మళ్లీ వంగాడు. ఎదురుగా సేవ్యా కూడా బస్తా మోస్తూ వస్తున్నాడు. లారీకి ఆనించిన పలక మీద ఒకరికొకరు తగలకుండా తప్పుకున్నారు. సీతాబాయి పోయినప్పటి నుంచి వాళ్లు అలాగే తప్పుకుంటున్నారు.

పొద్దు వాలాక పని ఆగింది. ఆ మిల్లులో ఒక రివాజు ఉంది. ఇంటికి పోయేముందు హమాలీలంతా సద్దిగిన్నెల్లో మిగిలింది ఊక కుప్ప పక్కనున్న ఇనుప తట్టలో వేస్తారు. అది పిల్లులది. పిల్లులు లేకపోతే బస్తాలు ఎలుకలపాలు. తట్ట మీద పెత్తనం బిచ్చాది. తౌడిని రోజూ భుజాన వేసుకుని తెచ్చేవాడు. ముందు అది తినాలి, తిని మూతి నాక్కోవాలి, ఆ తర్వాతే మిగతా పిల్లులు. సీతాబాయి పిల్లికి వేరే పిల్లుల ఎంగిలి పెట్టడం అతనికి ఇష్టం లేదు. దొరనైతే ఆ దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. గోడ దిగితే చాలు, ఊక బూడిద పెళ్లతో కొట్టేవాడు. "దొర అని పేరెట్టుకుంటే దొరవైతవా? పో, నీ గడీల తిను!" అనేవాడు. హమాలీలు నవ్వేవాళ్లు.

ఆ సాయంత్రం దొర గోడ మీదే ఉంది. నల్లది, తెల్లని మూతి, కుండంత తల, చినిగిన చెవి. బిచ్చా దాన్ని పిలిచాడు.

"దా. దా బిడ్డా."

ఎండుచేప ముక్కలు తట్ట పక్కన నేల మీద పోశాడు. దొర చాలాసేపు నమ్మలేదు. తోక కొన ఒక్కటే ఆడింది. తర్వాత గోడ దిగి, పొట్ట నేలకు ఆనించి, వచ్చింది. మొదటి ముక్క నోట పట్టుకుని వెనక్కి ఉరికింది. రెండోసారి వచ్చి అక్కడే కూర్చుని తినసాగింది.

బిచ్చా గోనెసంచి విసిరి, దాని మీద మోకాళ్లతో పడ్డాడు. సంచి లోపల దొర మొత్తం ఒంటితో ఎగిరింది. గోళ్లు గోనె నేతలోంచి బయటికొచ్చి అతని చేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా చీరాయి. సంచి మూతి మెలేసి, ఎత్తి, సిమెంటు పలక మీద పడేశాడు. బస్తాలు జరిపే ఇనుప రాడ్డు అందుకున్నాడు. ఎక్కడ తలో ఎక్కడ నడుమో చూడలేదు. కొట్టాడు.

సంచిలోంచి వచ్చిన అరుపుకు బాయిలర్ దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. మళ్లీ ఎత్తాడు. ఈసారి రాడ్డు దిగలేదు. వెనక నుంచి సేవ్యా పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవ్ బావా? గా సంచిల ఏమున్నది?"

"నీ దొర."

సేవ్యా లంబాడీలో తల్లిని తలుచుకుని, రాడ్డు లాగి అవతల పారేశాడు. బిచ్చాను గొంతు పట్టి ఊక కుప్పకు తోశాడు. ఊక కళ్లలో పడింది. బిచ్చా నడుముకున్న కొక్కెం తీసి, కనపడకుండానే ఊపాడు. అది బస్తాలో దిగినట్టే సేవ్యా భుజంలో దిగింది. సేవ్యా అరవలేదు. కొక్కెం దిగిన చెయ్యి అలాగే వేలాడుతుంటే, తలతో బిచ్చా మూతి మీద గుద్దాడు. బిచ్చా నోట్లో ఏదో కటుక్కుమంది. ఉమ్మితే రక్తంతో పాటు పన్ను ఊకలో పడింది. ఇద్దరూ కలిసి కూలారు. కొక్కెం ఊడొచ్చింది. బిచ్చా దాన్ని మళ్లీ ఎత్తేసరికి అయిదారుగురు మీద పడి రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"పిల్లులు కొట్లాడుకుంటే బావబామ్మర్దులు సచ్చేటట్టున్నరు గదరా!" అన్నాడు ఒకడు. ఎవరూ నవ్వలేదు.

సేవ్యా కూతురు దివ్య ఉరికొచ్చింది. కోదాడలో ఇంజనీరింగు చదువుతుంది, సెలవుకు ఇంటికొచ్చింది. తండ్రి భుజం చూసి ఆగి, కదులుతున్న సంచి చూసి అటు పోయింది. మెలిక విప్పింది. దొర ముందుకాళ్లతో బయటికి పాకింది. వెనక సగం దానితో రాలేదు, ఈడ్చుకుంటూ వచ్చింది. అది దివ్య ఒడిలోకి రావాలని చూసింది. రాలేకపోయింది.

ఆమె చున్నీ తీసి దాన్ని చుట్టుకుంది. బిచ్చా ముందుకొచ్చి నిలబడింది. అతన్ని ఇంకా పట్టుకునే ఉన్నారు.

"ఎందుకు మామా?"

"తౌడికి రోగం అంటించింది. రక్తం రోగం."

"దొర అంటించిందా?"

"కాటుంది. డాక్టరు సూసింది."

ఆమె వెనక్కి తిరిగింది. తండ్రితో, "నాన్నా, నువ్వు దవాఖానకు పో. కుట్లు పడ్తయ్. నేను దీన్ని కోదాడ పశువుల దవాఖానకు తీస్కపోత," అంది. రోడ్డు వైపు నడిచింది. చున్నీ కింది నుంచి దొర తోక ఆమె మోకాళ్లకు తగులుతూ వేలాడింది.

బిచ్చా ఇంటికొచ్చి నోరు కడుక్కున్నాడు. మంచం కిందికి వంగి, వేలు నీళ్లలో ముంచి తౌడి మూతికి రాశాడు. అది నాకలేదు.

"పని అయిపోయింది," అని దానికి చెప్పాడు. "ఇగ నువ్వు లేవాలె."

తెల్లవారి మిల్లు తెరవకముందే అతను పిల్లుల్ని పట్టాడు. తట్ట దగ్గర కాచుకుని, తినడానికొచ్చిన వాటిలో బలంగా ఉన్నవాటిని మెడ తోలు పట్టి ఎత్తి సంచుల్లో వేశాడు. అవి అతని చేతికి అలవాటైన పిల్లులు, మొదట పెనుగులాడలేదు. మూతి కట్టాకే సంచులు గింజుకున్నాయి. నిన్నటి గీరుల మీద కొత్త గీరులు పడ్డాయి. పిల్లికో సంచి. అన్నీ తెచ్చి నాగేష్ ట్రాలీ ఆటోలో వరసగా పెట్టాడు. తౌడి ట్రేను మాత్రం ఒళ్లో పెట్టుకున్నాడు.

"బిచ్చన్నా, నిన్నటిదాక వడ్లు తోలిన. ఇయ్యాల పిల్లులు. రేపు ఏం తోలాలె?" అన్నాడు నాగేష్.

"నువ్వు నోరు మూసుకోని తోలాలె."

"నీ నోరు సూస్తే తెలుస్తుంది, మూసుకుంటెనే మంచిదని." నాగేష్ హుజూర్‌నగర్ దాకా ఆ మాట తల్చుకుని నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత మానేశాడు. ట్రేలో తౌడి నోరు తెరిచి ఊపిరి తీస్తోంది.

కోదాడలో ఆస్పత్రి ఒక ఎరువుల కొట్టు పక్కన రెండు గదులు. బయట బెంచీ మీద దివ్య కూర్చుని ఉంది. నిన్నటి బట్టలే. ఒళ్లో అట్టపెట్టె. బిచ్చా ఆమెను చూసి ఆగాడు. ఆమె కాళ్లు పక్కకు జరుపుకుని దారి ఇచ్చింది.

లోపల డాక్టరమ్మ తౌడిని చూసి, వెంటనే సంచులు విప్పమంది. పిల్లుల్ని పట్టుకోవడానికి బాలమ్మ అనే ఆయా వచ్చింది. మొదటి సంచి విప్పగానే దాని గోళ్లకు ఆమె అరచేయి తెగింది. "అయ్యబాబోయ్, పిల్లిని తెచ్చారా పులిని తెచ్చారా అండీ!" అంటూ చేతికి గుడ్డ చుట్టుకుంది. బిచ్చా పట్టుకున్నాడు. ఒక్కొక్క పిల్లి కాలి నుంచి రక్తం, ఒక్కొక్క చుక్క, ఒక్కొక్క పట్టీ. పట్టీలన్నీ కిటికీ దిగువన వరసగా పెట్టారు.

"ఇదీ రెండేనండీ మేడం," అంది బాలమ్మ. పక్కదాన్ని చూసి, "దీనికీ రెండే," అంది. చివరిదాంట్లోనూ రెండు గీతలే తేలాయి.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అడిగింది. "ఇవన్ని ఒక్కతాన ఉంటయా?"

"మిల్లుల ఉంటయ్."

"ఒక్క గిన్నెల తింటయా?"

"ఒక్క తట్ట."

"మరి నీ పిల్లి?"

బిచ్చా చేతిలోని పిల్లిని తిరిగి సంచిలోకి దించాడు. తలుపు దగ్గర నిలబడ్డ నాగేష్, మేలు చేస్తున్నాననుకుని, "అదే ఫస్టు మేడం," అన్నాడు. "తౌడి తిన్నంకనే మిగతయి తినాలె. బిచ్చన్న రూలు. రోజు భుజం మీద ఎక్కిచ్చుకోని తెస్తుండె."

"ఎన్నేండ్ల నుంచి?"

"అది పిల్లపిల్లి అప్పటి నుంచి."

డాక్టరమ్మ తువ్వాలు కొక్కేనికి తగిలించింది. బిచ్చా వైపు తిరిగి, మామూలు గొంతుతోనే చెప్పింది. "ఈ రోగం చాన దినాలు కనపడకుంట ఉంటది పెద్దాయనా. పుట్టుకతోని తల్లి నుంచి వచ్చిందో, మరెట్ల వచ్చిందో, నేను చెప్పలేను. ఈ పిల్లులు మాత్రం ఇప్పుడు మంచిగనే ఉన్నయ్. చంపాల్సిన పని లేదు. వేరేవాటితోని కలపకుంట, ఎవలి గిన్నె వాళ్లకు పెట్టు. రక్తానికైతే పనికి రావు."

"అన్నిటిని ఆ గండే కరిసింది," అన్నాడు బిచ్చా.

"ఆ గండుకు లేదు."

డాక్టరమ్మ తలుపు అవతలి దివ్యను చూపించింది.

"పొద్దున ఈ అమ్మాయే అడిగింది. మా దొర రోగం అంటించిందన్నరు, చూడండి మేడం అని. చూసిన. ఒక్కటే గీత."

"దాన్ని తట్ట కాడికి రానిస్తే గద మేడం," అంది దివ్య తలుపులోంచి. "మూతి పెడ్తే రాళ్లు పడుతుండె."

గదిలో సంచుల్లోని పిల్లులు ఒకదాని తర్వాత ఒకటి అరుస్తున్నాయి. బయట ఎరువుల కొట్టులో ఎవరో బస్తా దించారు. ఆ చప్పుడు విని బిచ్చా అటు చూశాడు. చూడటానికి ఇంకేమీ లేకపోయింది.

డాక్టరమ్మ దివ్యను లోపలికి పిలిచి, అట్టపెట్టె బల్ల మీద పెట్టించింది. ఎక్స్‌రే ఫిల్ము దీపం ముందు పట్టింది. "నడుము ఈడ తెగింది. వెనక కాళ్లు రావు. ఉచ్చ కూడ దానంతటది పోయదు, రోజుకు మూడుసార్లు పొట్ట పిండి పోయించాలె. అట్ల సాకేటోళ్లు ఉన్నరు. నువ్వు హాస్టల్ల ఉంటవ్. మీ నాన్న మిల్లుల ఉంటడు. నిర్ణయం నీది."

"నొప్పి ఉంటదా?"

"ఇప్పుడుంది. సూది మందు మీద ఉంది గనక ఊకుంది."

దివ్య పెట్టెలో చెయ్యి పెట్టి దొర తల మీద ఉంచింది. "వద్దు మేడం. ఇట్ల ఉంచొద్దు దాన్ని," అంది.

డాక్టరమ్మ ఆగి, మరో మాట చెప్పింది. ఆ మాట చెప్పడం ఆమెకు కష్టంగా ఉందని ఆమె చేతులు చెప్పాయి. పెన్ను మూత తీసి మళ్లీ పెట్టింది. "దీని రక్తం మంచిగుంది. మత్తు ఇచ్చినంక, పోనిచ్చేముందు, తీయొచ్చు. ఆ పిల్లికి కలుస్తదో లేదో ముందు చుక్క కలిపి చూస్త. నువ్వు ఇయ్యమంటెనే. వద్దంటే నేను మళ్ల అడగ."

"వద్దు," అన్నాడు బిచ్చా.

ఇద్దరూ తిరిగి చూశారు.

"దాని రక్తం నాకొద్దు."

"నీకు కాదు మామా," అంది దివ్య. "తౌడికి."

అతని నోట్లో పన్ను ఊడిన చోట నాలుక తిరిగింది. తౌడి ట్రే రెండో బల్ల మీద ఉంది. ఊపిరికి దాని పక్కటెముకలు ఒక్కొక్కటే కనిపించి పోతున్నాయి. బిచ్చా అటు నడిచాడు. తాడు ముడి విప్పబోయాడు, వేళ్లకు పట్టు చిక్కలేదు. పళ్లతో లాగాడు. మీది ట్రే తీసి పక్కన పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.

చుక్కలు కలిశాయి. గడ్డ కట్టలేదు.

దొరకు మత్తు ఇచ్చారు. దాని మెడ గొరిగారు. డాక్టరమ్మ బాలమ్మ చేతి కట్టు చూసింది, ఆ చేత్తో పట్టు నిలవదు. దివ్య గోడకు ఆనుకుని, "నేను పట్టుకోలేను మేడం," అంది.

"ఎవరో ఒకరు తల ఎత్తి పట్టాలె. కదలొద్దు."

"మామ పట్టుకుంటడు," అంది దివ్య.

బిచ్చా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎడమ చెయ్యి దొర దవడ కింద పెట్టి తల పైకెత్తాడు, కుడి చెయ్యి ఛాతీ కింద వేశాడు. గొరిగిన మెడలో నరం ఉబ్బి కనిపించింది. మత్తులో కూడా దాని కళ్లు మూతపడలేదు. మత్తు మందు గుణం అది, కళ్లు తెరిచే ఉంటాయని డాక్టరమ్మ చెప్పింది. ఆ కళ్లు అతని చొక్కా గుండీల మీద నిలిచాయి. సూది దిగింది. రక్తం నల్లగా, మెల్లగా సిరంజిలోకి వచ్చింది. అతని బొటనవేలి కింద దాని గుండె కొట్టుకుంటోంది. జీవితమంతా బస్తాలు మోసినవాడు. ఈ బరువు బరువు కాదు. అయినా మోచేతులు బల్లకు ఆనించుకున్నాడు. నిన్న దొర చీరిన గీరులు తెరుచుకుని, దాని నల్లబొచ్చులోకి అతని రక్తం జారింది. ఎవరూ తుడవలేదు.

సిరంజి నిండాక డాక్టరమ్మ దివ్య వైపు చూసింది. దివ్య తల ఊపింది. రెండో సూది ఇచ్చారు. బొటనవేలి కింద కొట్టుకోవడం తగ్గింది. ఆగింది.

"వదలొచ్చా?" అన్నాడు బిచ్చా.

"జర ఆగు," అంది డాక్టరమ్మ. గొట్టం పెట్టి విన్నది. "ఆఁ. వదులు."

అతను వదల్లేదు. దివ్య వచ్చి, అతని వేళ్లు ఒక్కొక్కటి తీసి, దొరను తీసుకుంది.

తౌడికి రక్తం చుక్కచుక్కగా ఎక్కించడానికి పొద్దు తిరిగే దాకా పట్టింది. చివర్లో డాక్టరమ్మ పెదవి ఎత్తి చూపింది. తెలుపు పోయి లేత గులాబీ రంగు వచ్చింది. గోలీలు ఇచ్చింది. బయటికి వదలొద్దంది, వేరే పిల్లితో కలపొద్దంది. ఎన్ని దినాలని బిచ్చా అడగలేదు.

తిరుగుదారిలో అందరూ ఒకటే ఆటోలో వచ్చారు. దివ్య నాగేష్ పక్కన కూర్చుంది, ఒళ్లో చున్నీ మూట. వెనక ట్రాలీలో బిచ్చా, సంచులు, ట్రే. నాగేష్ హుజూర్‌నగర్‌లో ఆపి చాయ్ తెచ్చాడు. దివ్య ఒక గ్లాసు తీసుకుని, దిగి, వెనక్కి వచ్చి, బిచ్చాకు ఇచ్చి పోయింది. చేతిలో చాయ్ చల్లారింది. దాన్ని రోడ్డు మీద పారబోశాడు.

మిల్లులో ఊక కుప్ప పక్కన ఇప్పుడు తట్ట లేదు. పగిలిన పెంకులు దూరందూరంగా పెట్టి ఉన్నాయి, పిల్లికో పెంకు. హమాలీలు ఒక్కో దాంట్లో ఇంత వేసి పోతున్నారు. ఎందుకని అడిగినవాడికి బిచ్చా జవాబు ఇవ్వలేదు. వాడు నాగేష్‌ను అడిగాడు. నాగేష్ మొదలుపెట్టి, బిచ్చా వస్తుంటే చూసి, దగ్గాడు.

సేవ్యా పనికి రావడం లేదు. భుజం మానలేదు. ఒకరోజు సాయంత్రం అతనే బిచ్చా ఇంటికి వచ్చాడు. గడప బయట నిలబడ్డాడు. మెడ నుంచి గుడ్డ కట్టి చెయ్యి వేలాడేసుకున్నాడు. బిచ్చా మంచం మీద కూర్చుని గోలీ నలిపి మజ్జిగన్నంలో కలుపుతున్నాడు. తౌడి అతని కాళ్ల దగ్గర నిలబడి, ఆలస్యమైనందుకు అరుస్తోంది.

"తింటుందా బావా?"

"తింటుంది."

సేవ్యా పిల్లిని చూశాడు. దానిలో ఏదో వెతుకుతున్నట్టు చూశాడు.

"నా భుజం సంగతి నేను అడగ. కొట్లాటల తగిలింది, పోయింది. పోలీసుల కాడికి పొమ్మన్నరు, పోలె. అక్క మొఖం సూసి పోలె." గొంతు సవరించుకున్నాడు. "దివ్య మాత్రం అన్నం తింటలేదు. లైన్లల్ల అందరు ఇంక గదే అంటున్నరు, సేవ్యా గండు రోగం అంటించిందని. నువ్వు పుట్టించిన మాటే బావా. దొరకు రోగం లేకుండెనని నువ్వే ఒక్కసారి చెప్పు. నాకు వద్దు, నా బిడ్డకు చెప్పు. గంతే."

బిచ్చా గిన్నె నేల మీద పెట్టాడు. తౌడి తల దించి తినసాగింది. అతను లేచి తలుపు దగ్గరికి వచ్చాడు.

"నేను దొర తల పట్టుకున్నప్పుడు నీ బిడ్డ గాడ్నే ఉన్నది."

"ఉన్నది. అయినా నోటితోని..."

"నోటితోని రాదు."

"ఏం పోతది బావా ఒక్క మాటకు?"

బిచ్చా దవడ కదిలింది. పన్ను లేని సందులోంచి గాలే వచ్చింది. లైను చివర ఎవరో పిల్లాణ్ని తిడుతున్నారు. లోపల పిల్లి గిన్నె నాకుతున్న చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

"మిల్లుల చెప్ప, ఇంట్ల చెప్ప, నీకు చెప్ప, నీ బిడ్డకు చెప్ప," అన్నాడు బిచ్చా. "ఎవ్వలడిగినా చెప్ప. నన్ను కాటికి మోస్కపోయేటప్పుడు అడిగినా చెప్ప. పో సేవ్యా. ఇగ గా ముచ్చట నా ముంగట తియ్యకు."

సేవ్యా పోయేదాకా నిలబడి, తలుపు వేశాడు.